పసుపు వరుసలు

ఫహాహీల్‌ల మా గది.
ఆరు మంచాలు, ఒక్క కిటికీ, ఆ కిటికీ నిండ ఏసీ.
పై మంచం మీద మోకాళ్లు మడిచి
సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌ల మొదటిసారి
ఇన్‌స్టాల్ అని కొట్టిన.

అడిగింది ఒక్క ప్యాకేజీ,
తారీఖులు గంటలు లెక్కగట్టేది.
అచ్చినయి రెండు వందల పన్నెండు.
ఒక్కన్ని బువ్వకు పిలిస్తే
వాని బామ్మర్దులు, వాళ్ల బామ్మర్దులు
చెప్పులిడిసి లోపలికచ్చినట్టు.

అటెన్క పసుపు వరుసలు.
వార్న్. వార్న్. వార్న్.

నేను షుఐబాల గ్యాస్ కాపలా మనిషిని.
ఛాతీకి తగిలిచ్చిన మీటర్ పది దాటి కూసిందంటే
జెండా చూసి, గాలికి అడ్డంగ ఉరుకుడే.
ఎందుకని అడుగద్దు.
పదకొండేండ్ల అలవాటు.
లాప్‌టాప్ టప్పున మూసిన.

కింది మంచంల నాయబ్ రసూల్ నవ్విండు.
రాయచోటి పిలగాడు. పగలు ఫోన్ల అద్దాలు మారుస్తడు,
రాత్రి కోడ్ రాస్తడు.
"యాడికి ఉరుకుతావున్నా?
ఎర్రగా వస్తే నిలబడు.
పసుప్పచ్చగా వస్తే కూర్చోని సదువు."

సదివినం. వేలు పెట్టి, ఒక్కో వరుస.

దీన్ని ఇప్పుడు ఎవరూ చూసుకుంటలేరు, వేరేది వాడుకోండ్రి.
ఎవరో, ఏ దేశమో, ఊకెనే చేసిపెట్టిన పనిని
ఇంక మొయ్యలేనని చీటీ అంటిచ్చి పోయిండు.
ఆ చీటీ మీద కోపం ఎట్లస్తది?

నాకు తోడుగ ఫలానాది ఉండాలె, నీ దగ్గరున్నది పాతది.
పదమూడు నంబరు నట్టుకు పద్నాలుగు నంబరు పానా.
తిరుగుతది. ఏదో ఓనాడు జారుతది.

నీ మిషన్‌కు నేను సరిపోను, అందుకే దిగుతలేను.
ఇది తప్పు కాదన్నడు నాయబ్, మర్యాదంట.
మెడికల్‌ల పోయినోన్ని వాపసు పంపేటప్పుడు
ఇంత నిమ్మళంగ ఎవరన్న చెప్పిన్రా?

ముప్పై నాలుగు ప్యాకేజీలు చందా కోసం చూస్తున్నయట.
గదంత నవ్వింది. "మా పేర్లు గుడ రాయి!"

ఆఖరుకు: మూడు బలహీనతలు, ఒకటి పెద్దది.
మందు గుడ కిందనే రాసున్నది,
బలవంతంగ సరిజేసెయ్యి అని.
నేను ఆగుతనా? కొట్టిన.
తెల్లారి చూస్తే లెక్కల శుక్రవారాలు మాయం.

"ఆ ఫోల్డర్‌లోనే కదన్నా దించుకుండేది,
దాన్ని తుడిచి మళ్లా దించు. మిషనుకేం కాలేదు."
నిజమే. పొయ్యి అందరిది ఒకటే గని
ఎవని పెట్టె వాని మంచం కిందనే.
నా పెట్టెల ఏం పగిలినా
పక్కోని అత్తరు సీసకు దెబ్బ తాకది.

పని కాడిది ఒక మాట చెప్పాలె.
మీటర్ ఐదు దగ్గర గుడ సన్నగ కూస్తది.
దాని గొంతు నొక్కే బటన్ ఒకటుంటది.
ఆగస్టు ఎండల బొటనవేలు దానంతటదే పోతది.
ఎన్నిసార్లు నొక్కిన్నో యాదికి లేదు.
గీ నడుమ, నొక్కే ముందట అంకె చూస్తున్న.

నెల పట్టింది. ఇయ్యాల నడిచింది.
ఒక పసుపు వరుస ఇంక అట్లనే ఉన్నది.
తెలిసే ఉంచిన, నోట్‌బుక్కుల తారీఖేసి రాసుకున్న.

ఇంకోటి నేనే రాసిన.
నాయబ్‌కు చెప్పలే.
అది ఏ పనినీ ఆపది, ఏ తలుపూ ముయ్యది.
మంచం మంచానికి పోయి గంటలు అడిగి
ఎక్కిచ్చి కొడితే
నల్లటి తెర మీద పసుప్పచ్చగ, తెలుగుల:

ఓదెలన్నా, ఈ నెల నీకు పద్నాలుగు గంటల ఓటీ
తక్కువ కట్టిన్రు.

ఓదెలన్న రెండుసార్లు సదివిండు.
అద్దాలు లుంగీకి తుడుసుకోని ఇంకోసారి.
"ఇది నిజమేనా?" అన్నడు,
"లేకపోతే వట్టి వార్నింగేనా?"